రెండవ స్థానము నష్టపు పద్దు కాదు
(సంఘ బాలికల క్రీడోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మెట్రిక్‌తో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. అయినను ఈ సభలో మాటలాడుటకు ఒక కారణము కలదు. మొన్న కొందరు తండ్రులు మా అంగడికి వచ్చి, “అయ్యా, మన పిల్లలు రెండేండ్లుగా పొరుగూరి జట్టుచేత ఓడుచునే యున్నారు. ఇక ఆటలు మాన్పించి ఇంటిపట్టున ఉంచుట మేలు కాదా?” అని అడిగిరి. వారికి చెప్పిన సమాధానమునే మీకును విన్నవించుచున్నాము.

కెనడా దేశమున మంచుగడ్డపై హాకీ ఆడుదురు. కాళ్లకు ఉక్కు అంచుగల స్కేట్లు తొడిగి, బంతికి మారుగా నల్లని రబ్బరు బిళ్లను కర్రతో కొట్టుదురు. ఈ ఆటలో స్త్రీల ప్రపంచ పోటీలు 1990లో ఒట్టావా నగరమున ఆరంభమయ్యెను. 1998లో నగానో ఒలింపిక్సులోను చోటు లభించెను. కాని పదునెనిమిదేండ్లలోపు బాలికలకు ప్రత్యేకమైన ప్రపంచ పోటీ 2008 వరకు లేకుండెను.

ఆ తొలి పోటీ 2008 జనవరిలో కెనడాలోని కాల్గరీ నగరముననే జరిగెను. ఎనిమిది దేశములు పాల్గొనెను. సొంత గడ్డ, సొంత జనము. అయినను తుది ఆటలో అమెరికా బాలికలు 5-2 గోల్సుతో కెనడాను ఓడించిరి. 2009లో జర్మనీలోని ఫ్యూసెన్‌లో మరల ఆ రెండు జట్లే తుది ఆటకు వచ్చెను. ఈసారి అదనపు సమయములో అమెరికా 3-2తో గెలిచెను. రెండేండ్లు, రెండు రజతములు.

ఆ రెండు జట్లలోను మరీ-ఫిలిప్ పూలాన్ అను బాలిక ఆడెను. తొలి ఓటమినాటికి ఆమెకు పదునారేండ్లు. 2010 ఫిబ్రవరిలో వాంకోవర్ ఒలింపిక్సు స్త్రీల తుది ఆటలో కెనడా అమెరికాను 2-0తో గెలిచెను. ఆ రెండు గోల్సును పదునెనిమిదేండ్ల పూలాన్‌వే! 2014లో సోచీయందు, ఆట ముగియుటకు నిమిషమైనను లేనపుడు స్కోరు సమము చేసినదియు, అదనపు సమయములో గెలుపు గోలు కొట్టినదియు ఆమెయే.

బాలికల జట్టు సంగతి యేమి? 2010లో అమెరికాలోని చికాగోలో, అదనపు సమయముననే, 5-4తో తొలి స్వర్ణము సాధించెను. ఆ జట్టు నాయకురాలు జెస్సికా కాంప్‌బెల్ 2024లో సియాటిల్ క్రాకెన్ అను పురుషుల జట్టునకు సహాయ శిక్షకురాలయ్యెను. ఉత్తర అమెరికాలోని ప్రఖ్యాత ఎన్.హెచ్.ఎల్. పోటీలలో పూర్తికాలము ఆ పదవి చేపట్టిన తొలి స్త్రీ ఆమెయే. 2011లో స్టాక్‌హోమున జట్టు మరల 5-2తో ఓడెను. 2012లో మరల గెలిచెను. గెలుపు ఎవరికిని శాశ్వతముగా వ్రాసియిచ్చిన దస్తావేజు కాదు.

కెనడా సంపన్న దేశము. వారికున్న మైదానములు, శిక్షకులు మనకు లేరు; పోల్చుట తగదు. కాని ఒక్కటి గమనింపుడు. రెండుసార్లు ఓడిన పిమ్మట వారు ఖాతా మూసివేయలేదు. మూడవయేట బాలికలను మరల పంపిరి. రెండు దసరాలు బేరము మందగించెనని అంగడికి తాళము వేయు వర్తకుడు మనలో కలడా? కుమారుని విషయమున చూపు ఓర్పును కుమార్తె విషయమున ఏల చూపరాదు?

మన బాలికలు బూట్లు చాలక, ఒకరు ఆడివచ్చిన పిదప అవే మరియొకరు తొడుగుకొనుట మేము కన్నులార చూచితిమి. అది వారి లోపము కాదు, మనది. మా వంతుగా పది జతల బూట్లు ఇచ్చెదము. తోటి వర్తకులు ప్రయాణపు ఖర్చు భరింతురని నమ్మకము. తండ్రులు మాత్రము ఒక్కటి ఇండు: మూడవ యేడు.

సెలవు.