పోటీదారుడి బలం సరుకులో లేదు



ఇక్కడ మేనేజ్‌మెంట్ విద్యార్థులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి మీ పాఠంతోనే మొదలుపెడతాను. మైకేల్ పోర్టర్ 1980 నాటి తన పుస్తకంలో పోటీదారుణ్ణి నాలుగు వైపుల నుంచి చూడమన్నాడు: లక్ష్యాలు, నమ్మకాలు, ప్రస్తుత వ్యూహం, సామర్థ్యాలు. మంచి పద్ధతే. కానీ అందులో కులానికి గడి లేదు. బరోడా ఉద్యోగం వదిలి బొంబాయి చేరిన బాబాసాహెబ్ షేర్ల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టారు. ఆయన అంటరానివాడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. పోటీ సంస్థల్లో ఆయనకన్నా ఎక్కువ ఆర్థికశాస్త్రం తెలిసినవారు ఉండి ఉంటారా?

ఆగ్రా బూట్ల పరిశ్రమ చూడండి. కుట్టే చేయి తరతరాలుగా జాటవులది. హింగ్ కీ మండీ టోకు వ్యాపారం మాత్రం ఎక్కువగా ఇతరులది. సరుకు తీసుకున్న వ్యాపారి రొక్కం ఇవ్వకుండా, నెలల తర్వాత చెల్లే పర్చీ చేతిలో పెట్టే అలవాటు అక్కడ పాతది. రేపటి తోలుకు, కూలికి డబ్బు కావాలి. అందుకని కుట్టినవాడు ఆ పర్చీని కోతకు ఒప్పుకొని మరొకరికి అమ్ముకుంటాడు. అతను నేరుగా అమ్ముదామని బయల్దేరిన రోజు ఆ వ్యాపారే అతనికి పోటీదారు. నాణ్యత, ధర, డిజైన్ అని పట్టిక గీస్తే మనవాడే గెలవాలి. గెలవడు. ఎందుకంటే అవతలివాడి బలం డబ్బు కోసం ఆగగలగడంలో ఉంది, మనల్ని ఆపగలగడంలో ఉంది.

మరి అతని బలహీనత? ఆ పరపతి చెల్లని చోటే. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 4% ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలని 2012 ఉత్తర్వు చెబుతోంది. కొనుగోళ్లు ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే ఉన్నాయి. ఈ సౌకర్యం తయారీదారుకూ సేవలందించేవారికే గానీ, కొని అమ్మే వ్యాపారికి లేదు. అతి తక్కువ ధర వేసినది పెద్ద సంస్థ అయితే, మన ధర దానికి 15% లోపు ఎక్కువున్నా, ఆ ధరకు దిగి కొంత ఆర్డరు తీసుకోవచ్చు.

అదే ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంది, దాన్ని రెండుసార్లు చదవండి. మనవాళ్లు టెండరు వేయకపోతే ఆ 4% ఇతర చిన్న సంస్థలకు పోతుంది. అంటే మన గైర్హాజరీ కూడా పోటీదారుడి బలమే.

జెమ్ పోర్టల్‌లో బిడ్ ఫలితాలు తెరిచే ఉంటాయి. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకు ఏ బహుళజాతి కంపెనీనో ఎంచుకోకండి. మీ ఊళ్లో బూట్లు కుట్టే ఒకరి పక్కన కూర్చుని, సేఫ్టీ బూట్లకు ఎవరు ఎంత ధర వేశారో, ఎవరు ఏ పత్రం లేక అనర్హులయ్యారో రాయండి. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.