పసిబిడ్డల అతిసారము

పెద్దలారా,

నేడు నేను ముచ్చటింపబోవు విషయము పండితసభలలో ఎత్తదగినంత సొగసైనది కాదు. పసిబిడ్డలకు కలుగు వాంతులను, విరేచనములను గూర్చి చెప్పదలచితిని. కోడలికి పురుడు వచ్చిన నాటినుండి బిడ్డకు మూడేండ్లు నిండువరకు ఈ మాట వినబడని యిల్లు మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఒక్కటియు ఉండదు. ఆ సమయమున ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో నిర్ణయించు అధికారము తల్లికి మిక్కిలి తక్కువ. నాయనమ్మయో, అమ్మమ్మయో, అరుగుమీద కూర్చున్న తాతగారో ఆజ్ఞ యిత్తురు, ఆమె చేయును. కావుననే తల్లులకంటె ముందుగా మీతో మాటలాడుచున్నాను.

మన పూర్వులు ఈ రోగమునకు పెట్టిన పేరే దాని స్వభావమును చెప్పుచున్నది. అతిసారమనగా మితిమీరిన ప్రవాహము. ఆయుర్వేదపు అష్టాంగములలో బాలచికిత్సకై కౌమారభృత్యమను ప్రత్యేకాంగము కలదు. సుశ్రుతసంహితయందు అతిసారమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. పేరు పెట్టినవారు చక్కగా గమనించియే పెట్టిరి. దేహమునుండి ప్రవహించి పోవునది నీరు, నీటితో కూడ ఉప్పులు. బిడ్డ ప్రాణమును తీయునది చాలవరకు ఆ పోయిన నీరే. ఏడాది బిడ్డ తొమ్మిది కిలోల తూకముండుననుకొందము. అందులో పదియవ వంతు, అనగా ఇంచుమించు ఒక లీటరు నీరు పోయినచో బిడ్డ ప్రాణాపాయస్థితికి వచ్చును. పొలమున పనిచేయు మగవాడు ఒక పూటలో అంత చెమటోడ్చి, చెంబెడు నీళ్ళు త్రాగి మరల నాగలి పట్టును. పసిబిడ్డకు ఆ నిలువ లేదు. నీళ్ళు కావలెనని అడుగుటకు మాటయు లేదు.

1986వ సంవత్సరపు వానకాలమున నేను శామీర్‌పేటకు దాపుననున్న యొక పల్లెబడిలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. నాలుగవ తరగతి బాలుడొకడు రెండు దినములు రాలేదు. మూడవనాడు వచ్చి, తన చెల్లెలు పోయినదని చెప్పెను. పదినెలల పిల్ల. సాయంకాలము వారింటికి పోతిని. నాయనమ్మ గడపలో కూర్చుండి యున్నది. "పొట్టల నీళ్ళు ఆగుతలేవు సారూ, పైనుంచి పోస్తె ఇంకింత పోతయని గుక్కెడు నీళ్ళు గూడ ముట్టనియ్యలే" అని తానై చెప్పినది. పిల్ల ముంతవైపు చేతులు చాచుచుండగా చూడలేక, ముంతను అటకమీద పెట్టినదట. ఆమె కఠినురాలు కాదు. ముగ్గురు కొడుకులను, నలుగురు మనుమలను పెంచిన చేతులవి. తన అత్తగారు చెప్పిన శాస్త్రమును ఆమె అక్షరాల పాటించినది.

ఆ శాస్త్రములోని తర్కమేమనగా, చిల్లికుండలో నీరు పోసినకొలది కారును గనుక పోయుట మానవలెనని. నారుమడికి గండిపడి నీరు పోవుచున్నప్పుడు ఏ రైతయినను కాలువ కట్టివేయునా? గండి పూడువరకు నీరు పెట్టుచునే యుండును. మానినచో నారు మాడిపోవును. బిడ్డ కడుపు విషయమున మనము రైతుబుద్ధిని విడిచి కుండబుద్ధిని పట్టుకొంటిమి. ఈ ముప్పది నలువది యేండ్లలో చాలమంది మారిరి, సంతోషమే. అయినను, నిన్న మొన్న కూడ చదువుకొన్న యిండ్లలోనే "పాలు ఆపుడు, కడుపు ఎండనీయుడు" అను మాటను నేను వింటిని.

ఇక రోగకారణము. పండ్లు వచ్చుచున్నవనియు, దిష్టి తగిలినదనియు, తల్లి తినరానిది తిన్నదనియు చెప్పుట మన యలవాటు. దిష్టి తీయుటకు నాకు అభ్యంతరము లేదు. దానివలన బిడ్డకు నష్టము రాదు. అయితే మనము త్రిప్పి పారవేయుచున్న ఆ ఉప్పే బిడ్డ కడుపులోనికి పోవలసిన మందులలో ఒకటి యని మాత్రము గుర్తుంచుకొనవలెను. కడుపుమీద వాతలు పెట్టుటయు, ఏడుపు మానుటకై నలుసంత నల్లమందు నాకించుటయు ఒకప్పుడు కలవు. అవి ఘోరకృత్యములు. ఎక్కడనైన మిగిలియున్నచో మీ వంటి పెద్దలే అడ్డుపడవలెను.

చిన్నబిడ్డల నీళ్ళవిరేచనములలో పెక్కింటికి కారణము వైరసులను అతిసూక్ష్మజీవులు. వానిలో ముఖ్యమైనది రోటావైరసు. 1973లో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ నగరమున రూత్ బిషప్ అను విదుషీమణియు, ఆమె సహచరులును రోగగ్రస్తులైన బిడ్డల ప్రేగులలో దీనిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచిరి. చక్రమువలె కనబడుటచే లాటిను భాషలో చక్రమునకు గల 'రోటా' అను పేరు పెట్టిరి. భాషాశాస్త్రజ్ఞులు ఆ రోటాయు, మన సంస్కృతములోని రథమును ఒకే మూలమునుండి పుట్టినవని చెప్పుదురు. మన రథచక్రమే ఇట్లు తిరిగి తిరిగి బిడ్డల కడుపులోనికి వచ్చినదని నేను నవ్వుకొన్నాను. విషయము నవ్వదగినది కాదు, వదలివేయుదము.

ఈ వైరసు చిన్నప్రేగుల లోపలి పొరమీదనున్న సన్నని నూగు వంటి భాగములను చెఱచును. నీటిని పీల్చుకొను పని ఆ నూగుదే. అది చెడగానే త్రాగినది, తిన్నది నీరై పోవును. మొదట జ్వరము, వాంతులు, పిమ్మట నీళ్ళవిరేచనములు, మూడు మొదలు ఎనిమిది దినముల వరకు ఉండును. నూగు తిరిగి మొలచినప్పుడు రోగము తానై పోవును. అంతవరకు నీరు తఱుగకుండ బిడ్డను నిలుపుటయే వైద్యము. వైరసుమీద ఆంటిబయోటిక్కు మందులు పనిచేయవు. ఊరిలో సంచి పట్టుకొని తిరుగు వైద్యుడు మొదటనే సూది పొడిచి, ఖరీదైన మందు వ్రాసి యిచ్చినచో, అది వైరసుకు తగులదు, మీ జేబుకు తగులును. విరేచనము కట్టించు పెద్దవారి మాత్రలను పిల్లలకు ఎన్నడును వేయరాదు. మలములో రక్తము కనబడినచో అది వేరు రోగము. అప్పుడు వైద్యునికి చూపి తీరవలెను.

శుభ్రముగ ఉన్నవారికి ఇది రాదనుకొనరాదు. టీకా రాకమునుపు ధనికదేశములలోను, బీదదేశములలోను అయిదేండ్లు నిండులోపల ఇంచుమించు ప్రతి బిడ్డకును రోటావైరసు సోకెడిది. ధనికదేశపు బిడ్డ ఆసుపత్రికి పోయి బ్రదికెడిది. మన బిడ్డ దారిలో పోయెడిది. అంతే భేదము. రోగి మలమునందలి వైరసు కణములు చేతులకు, ఆటవస్తువులకు, గిన్నెలకు అంటి దినముల తరబడి బ్రదికియుండును; పది కణములు నోటబడినను రోగము రావచ్చును. చేతులు సబ్బుతో కడుగుట మంచిదే, మానరాదు; కాని అది యొక్కటే చాలదు.

ఇందుకే టీకా. దాని కథలో మన శామీర్‌పేటకు పాలు కలదు. 1985–86లో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థయందు పురిటిబిడ్డలలో ఒక రోటావైరసు కనబడెను. విచిత్రమేమనగా, అది సోకిన శిశువులకు విరేచనములు కాలేదు; పైగా పిమ్మట తీవ్రరోగమునుండి రక్షణ కలిగినది. డాక్టరు మహారాజ్ కిషన్ భాన్ గారును, సహచరులును ఆ రకమును పట్టుకొనిరి. 116ఇ అని దానికి పేరు. చాల సంవత్సరములు కృషి జరిగినది. మన తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ దానిని టీకాగా తయారుచేసెను. ఢిల్లీ, పూనా, వెల్లూరు ప్రాంతములలో 6,799 మంది శిశువులతో పరీక్ష జరిపిరి. తీవ్రరోగము మొదటియేట నూటికి సుమారు 56 పాళ్ళు తగ్గినది. నూటికి నూరు కాదేమని మీరు అడుగవచ్చును. సగముకంటె ఎక్కువమంది బిడ్డలు ఆసుపత్రి గడప త్రొక్కకుండుట చిన్నలాభమా? వ్యాపారములో అంత లాభము వచ్చినచో మన సేట్లు దేవునికి గుడి కట్టింతురు.

ఆ టీకా 2015 మార్చిలో విడుదల యయ్యెను. 2016లో ఆంధ్రప్రదేశ్, హిమాచల్‌ప్రదేశ్, హర్యానా, ఒడిశా రాష్ట్రములలో సర్కారువారు ఉచితముగ రోటావైరసు టీకాను వేయ మొదలిడిరి. 2019 నాటికి మన తెలంగాణతో సహా దేశమంతటికిని వ్యాపించినది. మన పెరటిలో కాచిన ఫలము పొరుగువారి తరువాత మనకు దక్కినది. దక్కినది కదా, అది చాలును. ఇది సూది కాదు, నోటిలో వేయు మందు. బిడ్డకు 6, 10, 14 వారములు నిండినప్పుడు వేయుదురు.

టీకా వేయించినను విరేచనములు రావచ్చును. కారణములగు క్రిములు వేరును కలవు. అప్పుడు కావలసినది ఓ.ఆర్.ఎస్. పొట్లము. దీని మహిమను తెలిసికొనవలెనన్న 1971కి పోవలెను. బంగ్లాదేశ్ యుద్ధకాలమున శరణార్థులు బంగాఁవ్ శిబిరమునకు లక్షలుగా రాగా కలరా చెలరేగెను. నరములలో ఎక్కించు సెలైను అయిపోయెను. డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, సోడా, గ్లూకోజులను నీటిలో కలిపి పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే గ్లాసులతో త్రాగించిరి. నూటికి ముప్పది వరకున్న మరణములు నాలుగుకు లోపుగా దిగినవి. ఆయన 2022లో గతించిరి. మరుసటి యేట సర్కారువారు పద్మవిభూషణ బిరుదమునిచ్చిరి.

ఉప్పునీరు మాత్రమే యేల చాలదు, చక్కెర యెందుకు? ప్రేగుగోడలో ఒక ద్వారము కలదు. ఉప్పు, గ్లూకోజు జంటగా వచ్చిననే అది తెరచుకొనును, వానివెంట నీరు లోనికి పోవును. రోగములో సైతము ఆ ద్వారము చాలవరకు పనిచేయును. దీనిని 1960లో రాబర్టు క్రేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రాగు నగరపు సభలో వెల్లడించెను. ప్రేగుల రహస్యము ప్రాగులో బయటపడుట మన చాటుకవులకు తెలిసియుండినచో విడిచెడివారు కారు.

జంట యన్నంతమాత్రమున కొలత తప్పరాదు. చక్కెర ఎక్కువైనచో అది ప్రేగులోనికి నీటిని లాగి విరేచనములను పెంచును. ఇచ్చట ఒక హెచ్చరిక. అంగళ్ళలో రంగుడబ్బాలపై ఓ.ఆర్.ఎస్. అను అక్షరములు అచ్చువేసి తీపి పానీయములను చాలకాలము అమ్మిరి. మన హైదరాబాదులోని శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి దీనిపై పోరాడిరి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహారభద్రతా సంస్థవారు ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రమునకు సరిపోని పానీయములపై ఆ పేరు వాడరాదని ఉత్తరువు చేసిరి. పాతసరకు ఎక్కడనైన తటస్థపడినచో కొనకుడు. మందుల అంగడిలో పొడి పొట్లమునే అడుగుడు; ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రమని దానిపై ఉండవలెను.

కలుపు విధము చెప్పెదను. కాచి చల్లార్చిన నీరు సరిగా ఒక లీటరు కొలిచి, పెద్దపొట్లము మొత్తము ఒక్కసారిగ కలుపవలెను. సగము పొట్లము గ్లాసులో కలుపుట పొరపాటు, కొలత చెడును. కలిపిన పిమ్మట మరగబెట్టరాదు. ఒక దినము గడచిన మిగిలినది పారబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత అరగ్లాసు వరకు, అనగా 50 మొదలు 100 మిల్లీలీటర్లు పట్టవలెను. గడగడ త్రాగించినచో కక్కును. మన యిండ్లలో అటకెక్కిన ఉగ్గుగిన్నెను దింపుడు. చెంచాతో కొంచెము కొంచెముగా ఓర్పుతో పట్టుడు. వాంతియైనచో పది నిమిషములు ఆగి మరల మొదలిడుడు. ఇందు నాయనమ్మకు మించిన నేర్పరి లేదు. తల్లికి నిద్రయుండదు, పనియుండును, ఓర్పు తఱుగును. పొట్లము దొరకనంతలో లీటరు నీటికి ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టి కొలిచి కలుపవచ్చును. ఉప్పు వేసిన గంజియు, మజ్జిగయు పెద్దబిడ్డలకు పనికివచ్చును.

చనుబాలు ఏ కారణముచేతను ఆపరాదు. అన్నము తిను బిడ్డకు మెత్తని అన్నము, పెసరకట్టు పెట్టుచునే యుండవలెను. జింకు బిళ్ళను రోజునకు ఒకటి చొప్పున పదునాలుగు దినములు ఈయవలెను. ఆరునెలల లోపువారికి సగము. విరేచనములు నిలిచినవని నాలుగవనాడే మానుట మన యలవాటు. మానకుడు.

ఇంటివైద్యమునకు హద్దు కలదు. కన్నులు లోతుకు పోవుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, మాడు గుంటపడుట, ఆరేడు గంటలు మూత్రము పోయకుండుట, పొట్టమీద చర్మమును గిల్లి విడిచిన మెల్లగ దిగుట, త్రాగలేకుండుట, మగతగా పడియుండుట. వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు చూతమనరాదు. 108కు ఫోను చేసి, దారిలో కూడ చెంచాతో పట్టుచునే పోవుడు.

నీటి సంగతి ఒక్కమాట. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్ బస్తీలో త్రాగునీటి గొట్టములోనికి మురుగు చొరబడి పదిమందికి పైగా మరణించిరి. మన మేడ్చల్ చుట్టును క్రొత్త కాలనీలు, కార్ఖానాలు, కట్టడపు కూలీల గుడారములు పెరుగుచున్నవి. మోరీ ప్రక్కనే నల్లాగొట్టము పోవుచున్న చోట్లు నేను నడకలో చూచుచున్నాను. నల్లానీరు రంగు మారినను, వాసన వేసినను అప్పుడే పంచాయతీకో, పురపాలకసంఘమునకో తెలుపుడు. అంతవరకు కాచి త్రాగుడు. కూలీల గుడారములలోని బిడ్డలకు టీకాచీటీ యుండకపోవచ్చును. ఆ తల్లులకు మన భాష రాదు, దారి తెలియదు. ఊరిపెద్ద ఒకడు వెంటబెట్టుకొని పోయిన చాలును. టీకాలు సాధారణముగ బుధ, శనివారములలో వేయుదురు. మీ ఊరి ఆశా కార్యకర్త స్థలమును, వేళను చెప్పును, పొట్లములును ఆమెయొద్దనే దొరకును. రెండు పొట్లములు ముందుగనే తెచ్చి ఉప్పుడబ్బా ప్రక్కన పెట్టుకొనుడు.