మైకు ఎవరిది, కుంచె ఎవరిది?



వినుకొండలో పుట్టి, బడిలో అంటరానితనం అనుభవించిన జాషువాగారు తెలుగు పంతులుగా బతికి, 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమాలు తయారుచేశారు. రేడియో మాటకి అంటు లేదు గదా, అగ్రహారంలోకైనా నేరుగా పోతుంది.

పత్రికల్లో బొమ్మలేసే కుంచె మాత్రం అట్లా మన చేతికి రాలేదు. 1949లో శంకర్ రాజ్యాంగాన్ని నత్తగా గీశాడు. నత్తమీద బాబాసాహెబు, వెనక కొరడాతో నెహ్రూ! 2006లో దాన్ని పదకొండో తరగతి పుస్తకంలో అచ్చేశారు. 2012లో పార్లమెంటులో గొడవైతే తీసేస్తామన్నారు. కొరడా నత్తమీదికే అని సర్దిచెప్పారు పెద్దలు. సరే, నత్తమీదికే అనుకుందాం. తాతలు దెబ్బలు తిన్న వాడపిల్లలకి అది ఎట్లా కనిపిస్తుందో అడిగారా?

మన విజయవాడ కార్టూనిస్టు ఉన్నమతి శ్యాంసుందర్ ఊరుకోలేదు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికలు బాబాసాహెబుమీద వేసిన వందకుపైగా కార్టూన్లు వెతికి, ఒక్కోదాని వెనక కథ రాసి, 2019లో పుస్తకం తెచ్చాడు. అంతటి మనిషిని పొట్టివాడిగా, ఆడవేషంలో, పిల్లాడిగా గీసింది పేరుమోసిన చేతులే.

ఆ బొమ్మలు కొన్ని ఆ బల్లమీద పెట్టాం. పిల్లల్ని తీసుకొచ్చి చూపించండి. ఎవరి చేతిలో ఏముందో వాళ్లనే చెప్పనియ్యండి.