చిట్టి ఈత – దాని పెంపకము



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమున ఏదేని పెద్ద విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరిరి. నేనెన్నుకొన్నది మాత్రము మిక్కిలి చిన్న చెట్టు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు తప్ప మనము తలచుకొనని చిట్టి ఈతను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

కల్లు గీయు ఈతచెట్టును మీరందరు ఎరుగుదురు. చిట్టి ఈత దానికి చెల్లెలు. మన తీరమున దీని బోదె చాల పొట్టి. అదియు ఎండుమట్టల మొదళ్ళలో మరుగుపడుటచే ఆకులు నేలలోనుండియే లేచినట్లు కనబడును. సింహళద్వీపమున ఇదే జాతి మనిషిని మించి పెరుగును. పండు చిన్నది, నల్లనిది, తీయనిది. ఆకులతో చాపలు అల్లుదురు. మట్టలను చీల్చి బుట్టలు అల్లుదురు గాని, అవి వెదురు బుట్టలంత కాలము మన్నవు. ఉన్న మాట చెప్పవలెను గదా.

ఈ చెట్టు ఒకప్పుడు మనుష్యుల ప్రాణములు నిలిపినది. 1791–92 ప్రాంతమున ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు సామర్లకోటలో కంపెనీ కొలువున ఉండిన విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు కోరంగి సమీపపు ఇసుకనేలలలో దీనిని పరిశీలించెను. ప్రజలు బోదెను చీల్చి, ఎండబెట్టి, రోటిలో దంచి, నార వేరుచేసి, మిగిలిన పిండితో గంజి కాచుకొనుచుండిరి. ఆ గంజి కొంచెము చేదు. సగ్గుబియ్యమంత బలమైనదియు కాదు. అయినను అదియే ఆధారము. 1795 నుండి లండనులో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున ఆయన దీని చిత్రమును ముద్రింపించి, తెలుగు పేరును కూడ చేర్చెను. ఆయన పెట్టిన శాస్త్రనామమునకు పిండినిచ్చు ఈత అని అర్థము. నేడు శాస్త్రజ్ఞులు ఫీనిక్స్ పుసిల్లా అందురు.

కాని ఒక్క సంగతి. పిండి కావలెనన్న బోదెను నరకవలెను. బోదెకు మొవ్వు ఒక్కటియే. అది పోయినచో ఆ బోదె మరల చిగుర్చదు. ఆకలిగొన్నవారు నరికిరి, వారిని తప్పుపట్టలేము. నేడు ఆకలి లేకయే, సరుగుడు తోటలకును రొయ్యల చెరువులకును ఇసుకదిబ్బలు చదును చేయుచు దీనిని పెకలించుచున్నాము. నాటువారు మాత్రము కనబడరు.

నేను నాటబోయి మొదట భంగపడితిని. దిబ్బపైనుండి ఎదిగిన మొక్కలు ఆరింటిని త్రవ్వి తెచ్చి పెరటిలో పాతి, దినదినము కుండెడు నీరు పోసితిని. రెండు నెలలలో ఆరును ఎండెను. త్రవ్వునప్పుడు వేరు తెగినది. పైగా బంకమట్టిలో నీరు నిలిచినది. ఆ మీదట గింజలతో ప్రయత్నించితిని.

గింజ క్రొత్తదై యుండవలెను. గుజ్జు పూర్తిగా కడిగి, రెండు మూడు దినములు నీట నానబెట్టి, దినమునకొకసారి నీరు మార్చవలెను. ఏటి ఇసుకలో కొంత మాగిన పెంట కలిపి, అంగుళము లోతున విత్తవలెను. పళ్ళెము వంటి తొట్టి పనికిరాదు. ఏలయన, గింజనుండి మొదట ఒక తెల్లని కాడ క్రిందికి దిగును. వేరును ఆకును ఆ కాడ చివరనుండి పుట్టును. కావున జానెడున్నర లోతుగల సంచి కావలెను. మొలకెత్తుటకు నెల మొదలు మూడు నెలల వరకు పట్టవచ్చును. విసుగుచెంది త్రవ్వి చూడరాదు. తొలి ఆకు ఈతాకువలె చీలియుండదు, గడ్డిపరకవలె ఉండును. మా యింట కలుపు తీయవచ్చిన అవ్వ గడ్డియే అనుకొని పండ్రెండింటిని పీకివైచినది. ఆమెపై కోపగించుటకు నాకు నోరు రాలేదు; గుర్తు పెట్టని తప్పు నాది.

నాలుగైదు ఆకులు వచ్చినపిమ్మట, తొలకరిలో, మట్టిగడ్డ విడిపోకుండ నాటవలెను. ఎండ నిండుగ తగులవలెను, నీరు నిలువరాదు. మొదటి రెండు వేసవులు నీరు పోసినచో, తరువాత అది తనను తాను చూచుకొనును. పెంటకుప్పకు దూరముగ నాటుడు. కొమ్ముపురుగు అందు పుట్టి, వచ్చి ఈతజాతి చెట్ల మొవ్వును తొలుచును. పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు, పూచువరకు తెలియదు. కావున పండ్లు కోరువారు ఒకటి కాక ఎనిమిదో పదియో నాటవలెను. ఈతచెట్ల నడుమనున్న చిట్టి ఈత గింజలు ఏరకుడు; ఈ రెండును సులభముగ సంకరమగును. మట్ట మొదటి ఆకులు ముండ్లు గనుక గుమ్మము దగ్గరను, పిల్లలు ఆడు చోటను వలదు. చేని గట్టునను, ఇసుకదిబ్బ అంచునను మేలు.

గత వారము ఏరి కడిగిన గింజలు గ్రంథాలయాధికారిగారి బల్లపై పొట్లములో నున్నవి. మనిషికి పది చొప్పున తీసికొనుడు. ఆలస్యమైనచో ఎండిపోవును, ఈ రాత్రియే నీట వేయుడు.