దస్తారు, కిరీటము: హైదరాబాదు సంస్థాన సేనల వేషచిహ్నములు



సురవరం ప్రతాపరెడ్డిగారి స్మృతికి అంకితమైన సభలో పాత సిపాయిల దుస్తులను గురించియు, వానిపై కుట్టిన ఇత్తడి బిళ్ళలను గురించియు ప్రసంగింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ప్రజలు కట్టిన బట్ట, తిన్న తిండి, ఆడిన ఆట రాజుల వంశావళులకంటె చరిత్రకు ముఖ్యములని నమ్మి, 1949 లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను మనకిచ్చిన ఆ మహాశయుని బాటలో నడువగోరువాడు, జీతమునకు కుదిరి పరదేశములకు పోయి ప్రాణములు విడిచిన సిపాయి తొడిగిన కుర్తీని చరిత్రకు వెలుపల ఉంచజాలడు.

మనము కూర్చున్న నేలయు సైన్యచరిత్రకు దూరమైనది కాదు. నిజాము అలీఖాను కాలమున అబుల్ ఫతే ఖాను తేగ్ జంగ్ మూలపురుషుడుగా వెలసిన పైగా ప్రభువులకు విస్తారమైన జాగీరు లీయబడినది నిజాము అంగరక్షక సైన్యమును పోషించుటకే; బేగంపేటలో ఆ వంశీయుడైన వికారుల్ ఉమ్రా కట్టించిన భవనము నేటికిని నిలిచియున్నది. నేడు శిక్షణాలయముల ప్రకటనఫలకములతో నిండిన అమీరుపేటనుండి పంజగుట్ట దాటి, ఫక్రుల్ ముల్క్ నిర్మించిన ఎర్రమంజిలును, ఖైరతాబాదును గడచి మాసాబ్ ట్యాంకు దిక్కునకు పోయినచో, ఫస్ట్ లాన్సర్, ఏ.సి. గార్డ్స్ అను పేటలు వచ్చును. మొదటిది నిజాము గుర్రపుదళపు బస. రెండవది ఆఫ్రికన్ కేవలరీ గార్డ్స్ అనబడిన హబ్షీ అశ్వికుల నివాసము. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికా సంతతి సిపాయిలు నిజాము కొలువునకు చేరి ఈ దళమైరి. 1952 లో ప్రతాపరెడ్డిగారు శాసనసభకు ఎన్నికైనదియు ఆ వనపర్తి నుండియే యనుట ఈ సందర్భమున స్మరణీయము. దళము పోయినది, గుర్రములు పోయినవి. వారి మనుమలు, మునిమనుమలు నేటికిని ఆ పేటలోనే కాపురమున్నారు.

ఈ దేశమున ఒక బొత్తాము ఎంత రాజకీయమును మోయగలదో తెలియుటకు ఫ్రెంచివారి కాలమునకు పోవలెను. ఫ్రెంచి సేనాని రేమండు నాయకత్వమున సుమారు 14,000 మంది సిపాయిలతో నిజాము కొలువున నిలిచిన సేన ఫ్రెంచి ప్రజాప్రభుత్వపు పతాకమును ఎగురవేసినదనియు, వారి కోటు బొత్తాములపై విప్లవచిహ్నమైన స్వేచ్ఛాటోపీ చెక్కియుండెననియు ఆనాటి బ్రిటిషువారి వ్రాతలు చెప్పుచున్నవి. దక్కను ఎండలో కవాతు చేయు సిపాయి రొమ్ముపై పారిసు వీధుల విప్లవము అంగుళమునకు మించని ఇత్తడిలో మెరయుచుండుట కుంపిణీవారికి నిద్ర పట్టనీయలేదు. 1798 మార్చిలో రేమండు మరణించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 22 న కుంపిణీవారు రక్తపాతము లేకయే ఆ సేనను నిరాయుధము గావించిరి. మలకుపేటలో రేమండు సమాధి మిగిలినది. ఆ బొత్తాములలో ఒక్కటి యెవరికైన దొరకినచో దానిని ఇత్తడి తూకమునకు కాక చరిత్ర తూకమునకు కొలువవలెను.

ఇక అసలు చిక్కునకు వచ్చుచున్నాను. ‘హైదరాబాదు’ అను అక్షరములు గల ప్రతి బిళ్ళయు నిజాము సేనది కాదు. రెసిడెంటు హెన్రీ రస్సెలు పేరిట ఆరంభమై పిదప హైదరాబాదు కంటింజెంటు అనిపించుకొన్న సేన నిజాము ధనముతో పోషింపబడి, ఇంగ్లీషు అధికారుల ఆజ్ఞకు లోబడియుండెను. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెతకు ఇంతకంటె పెద్ద నిదర్శనము మన చరిత్రలో లేదు. ఆ సేన జీతపు బాకీల నెపముననే 1853 లో బీరారు మొదలగు జిల్లాలు నిజాము చేజారినవి. 1903 లో కంటింజెంటు భారత సైన్యములో లీనము కాగా, అందలి పదాతులనుండి 1922 లో 19వ హైదరాబాదు రెజిమెంటు ఏర్పడెను. అదియే 1945 లో కుమావోను రెజిమెంటుగా పేరు మార్చుకొనెను. అశ్వికుల వారసత్వము నేటి డెక్కన్ హార్సుకు సంక్రమించినది.

దీనికి వేరుగా నిజాము సొంత సేన యుండెను. అందు కవాతు నేర్చిన బాఖాయిదా ఫౌజు ఒకటి. అరబ్బులు, సిక్కులు, రోహిలాలు మొదలగువారితో కూడిన బేఖాయిదా ఫౌజు మరియొకటి. సామ్రాజ్య సేవాదళముగా 1893 లో ఏర్పడిన హైదరాబాదు లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధమున ఈజిప్టు, పాలస్తీనాలలో పోరాడిరి. 1918 సెప్టెంబరు 23 న హైఫాపై గుర్రములను దూకించినవి జోధపూరు, మైసూరు దళములు. హైదరాబాదువారు ఆ దళములతో కూడిన బ్రిగేడులో మూడవ అంగము. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలో నిలిచిన మూడు కంచు విగ్రహములలో ఒకటి మనవారిది. ఆ కూడలి మీదుగా నిత్యము పోవు తెలుగువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

భారత సైన్యములోని హైదరాబాదు రెజిమెంటును, నిజాము సొంత సేనయు రెండవ ప్రపంచయుద్ధమున ఒకే దేశమునకు పోవుటతో చిక్కు ముదిరినది. 1941 డిసెంబరు 8 న జపానువారు మలయాలో దిగినప్పుడు కోటబహ్రు విమానక్షేత్రమును కాచుచుండినది సంస్థాన సేనలోని 1వ హైదరాబాదు పదాతిదళము. అదే మలయాలో పోరాడిన 19వ హైదరాబాదు రెజిమెంటు నాలుగవ పటాలము భారత సైన్యమునకు చెందినది. ‘మా తాత హైదరాబాదు పటాలములో మలయా పోయినాడు’ అని ఒక ఇంటివారు చెప్పినప్పుడు ఈ రెంటిలో ఏది యని తేల్చగలిగినది ఆ తాత పెట్టెలో మిగిలిన బిళ్ళ మాత్రమే.

తేల్చుట ఎట్లు? శిరోభాగమున ఏమున్నదో ముందు చూడవలెను. కిరీటమున్నచో అది ఇంగ్లండు రాజు సేవ. నిజాము తలపాగా యైన దస్తారున్నచో సంస్థానపు సేవ. అశోకుని సింహములున్నచో గణతంత్రమునకు పిదపటిది. ఐనను దస్తారును చూచి తొందరపడరాదు: నిజాము విరాళముతో ఏర్పడిన ఇంగ్లీషు విమానదళములలో 152వ స్క్వాడ్రను తన చిహ్నముగా ఆ దస్తారునే ధరించినది. పిదప అక్షరములు. ‘హెచ్.ఇ.హెచ్.’ అను బిరుదు ఏడవ నిజామునకు 1918 లో వచ్చినది గనుక, ఆ అక్షరములున్న వస్తువు అంతకు పూర్వపుది కానేరదు. ‘ఎన్.ఎస్.ఆర్.’ అని యున్నచో అది సైనికునిది కాదు, నిజాము రైల్వే ఉద్యోగిది. బేగంపేట స్టేషను పరిసరములలో పాత కుటుంబములవద్ద ఇట్టివి దొరకుట సహజము, వానిని సైనికచిహ్నములని అమ్ముటయు అంతే సహజము.

కడపట బిళ్ళను వెనుకకు త్రిప్పవలెను. వర్తకుడు చూపనిది ఆ వెనుక భాగమే. అచ్చుతో రేకుపై కొట్టిన అసలు బిళ్ళకు వెనుక గుంటలు పడి, ముందటి బొమ్మ తిరుగబడి కనబడును; కొండీలు నిలుకడగా అతికియుండును. అసలుదానినుండి మూస తీసి పోత పోసిన నకిలీకి వెనుక చదునై, గరుకై, ఇసుకరేణువుల గుర్తులుండును. చల్లారునప్పుడు లోహము ముడుచుకొనుటచే అది అసలుదానికంటె వెంట్రుకవాసి చిన్నదగును. గురువారమునాడు పురానాపూల్ చెంత సాగు జుమేరాత్ బజారులో ఈ పరీక్ష లేక కొన్నవాడు ఇత్తడిని కొన్నాడే గాని చరిత్రను కొనలేదు.

సంస్థాన సేనల చిహ్నములను గురించి చెప్పునప్పుడు 1948 సెప్టెంబరు మాటను దాటవేయుట ధర్మము కాదు. 13 న మొదలైన భారత ప్రభుత్వపు పోలీసు చర్య ముగిసి, 18 న సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూసు మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. సైన్యమునకు బాహ్యులైన రజాకార్లు ఖాకీ తొడిగి గ్రామములలో చేసిన దౌష్ట్యమును తెలంగాణ మరువలేదు, మరువరాదు. ఆ ఖాకీని, కోటబహ్రులో మడిసిన సిపాయి ఖాకీని వేరుపరుపక ఒకే అద్దాల పెట్టెలో పేర్చుట ఆ సిపాయికిని, ముఖ్యముగా పీడితులకును, అన్యాయము. చిహ్నములను గుర్తించు విద్యకు నేను ఇంత గౌరవమిచ్చుట ఇందువలననే: ఎవడు ఎవరి ఆజ్ఞకు లోబడి ఎక్కడ నిలిచెనో అది సాక్ష్యముతో చెప్పగలదు.

కావున సభలోని పెద్దలకు నా ప్రార్థన యిది. మీ ఇంటి అటకమీద, తాతగారి ట్రంకుపెట్టెలో ఇట్టి కుర్తీగాని, దవాలిగాని, బిళ్ళగాని యున్నచో, పండుగకు చెంబులు తోమినట్లు చింతపండుతో దానిని తోమకుడు; తోమిన కొలది అక్షరములు అరిగిపోవును. బిళ్ళను బట్టనుండి ఊడదీయకుడు. తొడిగినవాని పేరు, ఊరు, దళము, తెలిసినంతవరకు ఒక కాగితముపై వ్రాసి దానితోపాటే ఉంచుడు. అమ్మదలచినచో అమ్మకముందు మన నగరములోని ప్రదర్శనశాలల వారికి ఒక్కసారి చూపుడు. ఆ కాగితము వ్రాయగల వృద్ధులు మీ ఇండ్లలో ఇంకను ఉన్నచో, ఆ పని ఈ రాత్రియే ఆరంభింపుడు.