తల్లి వ్యాపారానికి పూచీ ఎవరు?

(స్నాతకోత్సవ ప్రసంగం)



1991 సెప్టెంబరులో బంగారపేటలోని వైశ్యా బ్యాంకు శాఖ ఒక అప్పు ఇచ్చింది. తీసుకున్నది కామసముద్రం దగ్గర ముదుగులి అనే ఊళ్లోని వెంకటేశ్వర మహిళా సంఘం. మరి నాలుగు నెలలకు, 1992 జనవరిలో, కోలారు బంగారు గనుల పట్టణమైన కేజీఎఫ్ ఆండర్సన్‌పేటలోని కార్పొరేషన్ బ్యాంకు శాఖ బోడగుర్కి సరస్వతి మహిళా సంఘానికి అప్పిచ్చింది. ఆ సంఘాలకు తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. వాటికి రిజిస్ట్రేషనూ లేదు. ఏ సభ్యురాలు ఏ పనికి ఎంత వాడుకుంటుందో తేల్చే పని కూడా బ్యాంకు పెట్టుకోలేదు, సంఘానికే వదిలేసింది. వారం వారం కూడి, పొదుపు చేసి, తమలో తాము అప్పులిచ్చుకుని, వసూలు చేసుకుని రాసుకున్న లెక్కల పుస్తకాన్ని నమ్మి డబ్బు చేతిలో పెట్టింది. మన దేశంలో మహిళా సంఘాలకు బ్యాంకు అప్పులు మొదలైన తొలి అడుగుల్లో ఈ రెండూ ఉన్నాయి. రెండూ ఈ కోలారు జిల్లావే.

ఆ సంఘాల వెనక ఉన్న సంస్థ పేరు మైరాడా. 1968లో టిబెటన్ శరణార్థుల పునరావాసం కోసం పుట్టింది. తర్వాత పల్లెల్లో పెద్ద సహకార సంఘాలు పెట్టించింది. 1984-85 ప్రాంతంలో అవి కలహాలతో చీలిపోతుంటే, సభ్యులు పదిహేను, ఇరవై మంది చొప్పున జట్లుగా వచ్చి ‘మా బాకీ మేం కడతాం, మమ్మల్ని వేరుగా ఉండనివ్వండి’ అన్నారు. ఆ జట్లలో వాళ్లను ఎవరూ కూర్చలేదు. నమ్మకం ఉన్నవాళ్లు నమ్మకం ఉన్నవాళ్లతో కలిశారు. 1987లో నాబార్డు మైరాడాకు 10 లక్షల రూపాయలు ఇచ్చి ఈ పద్ధతిని పరీక్షించమంది. 1992లో 500 సంఘాలతో దేశమంతటికీ ప్రయోగం ప్రకటించింది. ఇప్పుడు దేశంలో అలాంటి సంఘాలు కోటికి పైగా ఉన్నాయి.

ఆ బ్యాంకు శాఖలు అర్థం చేసుకున్న విషయం వ్యాపార పాఠ్యపుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఆస్తి లేని తల్లికి ఆమెను ఎరిగిన మనుషులే పూచీ.

కేజీఎఫ్‌కు ఆ పూచీ అవసరం మరీ ఎక్కువగా వచ్చిపడింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదని అప్పట్లో చట్టం ఉండేది. అందుచేత గని జీతం మగవాడి జీతంగానే ఇంటికి వచ్చేది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. మారికుప్పం నుంచి తెల్లవారకముందే బయలుదేరే రైళ్లు బెంగళూరు పనులకు వెళ్లేవాళ్లతో నిండిపోయాయి. రాబర్ట్‌సన్‌పేటలో, చాంపియన్ రీఫ్‌లో, ఊరగాం లైన్లలో చంటిబిడ్డలున్న తల్లులకు ఆ ప్రయాణం కుదిరే పని కాదు. కుట్టు మిషను, మసాలా పొడులు, మురుకులు, నిప్పట్లు, పొద్దున్నే ఇడ్లీలు: ఇంటి గడప దాటకుండా చేయగలిగిన వ్యాపారాలే అందుబాటులో ఉన్నాయి.

ఇలాంటి వ్యాపారానికి మొదటి కొరత డబ్బు అనుకుంటారు. అంతకంటే పెద్ద కొరత గంటలు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లలను, పెద్దలను చూసుకునే పనిలో ఆడవాళ్లవి 137 నిమిషాలు, మగవాళ్లవి 75. వ్యాపారం నడిచేది వీటి తర్వాత మిగిలిన సమయంలోనే. 2013-14 నాటి ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలోని సంస్థల్లో ఆడవాళ్ల చేతిలో ఉన్నవి సుమారు 14 శాతం. వాటిలోనూ ప్రతి పదింటిలో ఎనిమిదికి పైగా జీతానికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోలేదు. బిడ్డకు జ్వరం వస్తే అంగడి మూతే.

సంఘం నిజంగా పనికొచ్చేది అక్కడ. ఒకామె సంతకు వెళ్తే ఇంకొకామె పిల్లల్ని బడి నుంచి తెస్తుంది. శ్రావణమాసంలో జాకెట్ల ఆర్డర్లు మీదపడితే సగం పక్కింటి మిషనుకు వెళ్తాయి. బాకీ ఎగ్గొట్టే కొనుగోలుదారు పేరు సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అహ్మదాబాదులో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంస్థ 1986లో సంగిని అనే శిశు సంరక్షణ సహకార సంఘాన్నే పెట్టించింది, ఎందుకంటే పిల్లలను భద్రంగా వదిలే చోటు లేకుండా తల్లి ఆదాయం పెరగదని దానికి అనుభవంలో తెలిసింది. కర్ణాటకలో పంచాయతీలు నడిపే ‘కూసిన మనె’ శిశు కేంద్రాలు ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం వచ్చాయి. ఇంట్లో మిషను తొక్కే తల్లికీ అలాంటి చోటు కావాలి.

తోటివాళ్ల అండ ఎంత పనిచేస్తుందో కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. అదే అహ్మదాబాదులో ‘సేవా’ బ్యాంకు ఖాతాదారులకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చారు. కొందరిని ఒంటరిగా రమ్మన్నారు, కొందరిని ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. 2016లో అచ్చయిన ఫలితాల ప్రకారం, ఒంటరిగా వచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. స్నేహితురాలితో వచ్చినవాళ్లు వ్యాపారానికి ఎక్కువగా అప్పు తీసుకున్నారు, నాలుగు నెలల తర్వాత చూస్తే వాళ్ల ఇళ్ల ఆదాయం పెరిగింది. బయట తిరగడానికి కట్టుబాట్లు ఎక్కువగా ఉన్న ఇళ్ల ఆడవాళ్లలో ఈ తేడా మరింత కనిపించింది. నేర్పిన పాఠం ఒక్కటే, పక్కన కూర్చున్న మనిషి వల్ల ఫలితం మారింది.

అయితే గుంపుగా కూర్చోబెట్టినంత మాత్రాన అండ పుట్టదు. దీనికీ రుజువు కోలారులోనే ఉంది. పట్టు రీలింగు, బీడీలు, అగరబత్తీల పనులు చేసుకునే కోలారు పట్టణపు ఇళ్లకు మైక్రోఫైనాన్సు కంపెనీలు పోటీపడి అప్పులిచ్చాయి. ఒకే ఇంటికి పలు కంపెనీల వాయిదాలు చేరాయి. సభ్యులు ఒకరికొకరు హామీ. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలి, లేదా ఆమె గుమ్మం ముందు నిలబడి అడగాలి. 2009 జనవరిలో పట్టణంలోని ముస్లింల సంస్థ అంజుమన్ ఇక కట్టవద్దని ముస్లిం మహిళలకు చెప్పడంతో వసూళ్లు ఆగిపోయాయి. మరుసటి ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్సుపై ఆర్డినెన్సు తెచ్చింది. బలవంతపు వసూళ్లను అడ్డుకోవడానికి కర్ణాటక కూడా 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ముదుగులి సంఘానికీ, 2009 నాటి అప్పుల గుంపులకూ తేడా స్పష్టం. మొదటిది సొంత పొదుపుతో మొదలై, సొంత నియమాలు పెట్టుకుని, తర్వాత అప్పుకు వెళ్లింది. రెండోవాటిని అప్పు కోసమే కూర్చారు, అందుకే వాయిదా దగ్గర తెగిపోయాయి. పక్కింటావిడను అండగా చూడాల్సిన తల్లి ఆమెను వసూలుదారుగా చూసే పరిస్థితి వస్తే, అది ఊరంతటికీ నష్టం.

వీధి సంఘం ఒక మెట్టు వరకే తీసుకెళ్లగలదు. ఆ పైన వేరే బంధాలు కావాలి. జిల్లాలో మహిళా పాల సంఘాలు దానికి దారి చూపాయి: రెండు పూటలా పాలు పోస్తే కోలారు పాల సమాఖ్య ద్వారా నందిని మార్కెట్‌కు చేరతాయి. ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుతో ఆ తల్లి బేరమాడనక్కర్లేదు. బెంగళూరులో 1983లో మహిళా పారిశ్రామికవేత్తలు ‘అవేక్’ అనే సంఘం పెట్టుకున్నారు. హైదరాబాదులో 1993లో కె. రమాదేవి ఆధ్వర్యంలో ‘ఎలీప్’ అనే అలాంటి సంఘమే మొదలై, గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ కట్టించింది. ముళబాగిలులో పచ్చళ్లు పెట్టే తల్లికీ, శ్రీనివాసపురంలో మామిడి తాండ్ర చేసే తల్లికీ ఈ సంస్థల మెట్లు ఎక్కే దారి ఇప్పటికీ దూరంగానే ఉంది. తెలుగులో మాట్లాడుకుని, కన్నడంలో దరఖాస్తు పెట్టుకుని, ఇంగ్లీషులో వచ్చిన నోటీసుకు బదులు చెప్పాల్సిన జిల్లా ఇది. కేజీఎఫ్‌లో అయితే తమిళం కూడా కలుస్తుంది.

ఆ దూరాన్ని తగ్గించగలిగినవాళ్లు ఈ హాల్లో నల్లగౌన్లు వేసుకుని కూర్చున్నారు.

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీల లెక్క తీసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. చాలా అంగళ్లలో క్యూఆర్ కోడ్ కాగితాలు మాయమయ్యాయి. సరుకులు అమ్మేవారికి ఏటా 40 లక్షలు, సేవలు అందించేవారికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషను అవసరమని, తాజా కూరగాయలకు, పచ్చిపాలకు పన్నే లేదని ఒక బీకాం పట్టభద్రుడు వీధిలో చెప్పి ఉంటే సగం భయం తీరేది. 2020 జూలై నుంచి నడుస్తున్న ఉద్యమ్ రిజిస్ట్రేషను పూర్తిగా ఉచితం. అది తెలియక దళారికి డబ్బు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. పొడులు, పచ్చళ్లు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను తప్పనిసరి. ఫోన్‌లో అరగంట కూర్చుంటే ఆ దరఖాస్తు నింపవచ్చు, పక్కన నింపిపెట్టే మనిషి ఉంటే.

పట్టభద్రులారా, మీ వీధి సంఘం ఏ రోజు కూడుతుందో ఈ వారంలో కనుక్కోండి. నెలకు ఒక సాయంత్రం అక్కడికి వెళ్లండి. లెక్కల పుస్తకం సరిచూడండి, ఫారాలు నింపండి, ఎన్ని కంపెనీల వాయిదాలు ఒక ఇంటి మీద ఉన్నాయో కూడి చూపించండి. మైరాడా సంఘాల సమాఖ్యలు తమ సేవలకు రుసుము తీసుకుంటాయి. మీ పనికీ సంఘం రుసుము ఇస్తే మొహమాటపడకుండా తీసుకోండి, అది మీ తొలి సంపాదన కూడా కావచ్చు. మగపిల్లలకు ఇంకొక మాట: ఆ సాయంత్రం మీ అమ్మ సంఘానికి వెళ్లాల్సి ఉంటే, ఇంట్లో వంట మీరు చేయండి.