దేనిలో భాగము?

అయిదు, ఆరు, ఏడు తరగతుల పిల్లలు భిన్నములను చక్కగనే కూడుదురు, తీసివేయుదురు, హెచ్చవేయుదురు. అదే లెక్కను మాటలలో చెప్పగనే తడబడుదురు. ఎక్కము కన్న ప్రశ్నను చదువుటయే వారికి కష్టమగుచున్నదని మా అభిప్రాయము. కావున ఇంటివారు చేయదగిన చిన్న సాయమును గూర్చి కొన్ని మాటలు చెప్పుదుము.

ఒక లెక్క చూతము. అమీర్‌పేట బట్టల అంగడిలో ఒక ఇల్లాలు 10 మీటర్ల గుడ్డ కొన్నది. అందులో 2/5 వంతు పిల్లల దుస్తులకు పట్టినది. మిగిలిన దానిలో 1/3 వంతు దిండ్ల గలీబులకు పట్టినది. ఇక ఎంత గుడ్డ ఉన్నది? తొందరపడు పిల్లవాడు 2/5, 1/3 కూడి 11/15 అనును. శేషము 4/15 వంతు, అనగా 2⅔ మీటర్లు అని తేల్చును. కూడిక సరియే. కాని మొదటి భాగము 10 మీటర్లలోనిది; రెండవది మిగిలిన 6 మీటర్లలోనిది. ఆరింట మూడవ వంతు 2. కావున మిగిలిన గుడ్డ 4 మీటర్లు.

ఈ భేదమును మన పూర్వులు గుర్తించిరి. తొమ్మిదవ శతాబ్దివాడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో మొత్తములోని భాగములను తీయు లెక్కలను భాగజాతి యనియు, శేషములో మరల భాగములు తీయు లెక్కలను శేషజాతి యనియు వేరుపరచెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు చేసెను.

మన నగరపు పెద్దలకు ఈ సంగతి నాణెములే నేర్పినవి. నిజాం పాలనాకాలమున ఇచ్చట హాలీ సిక్కా చెల్లుచుండెను. భారత ప్రభుత్వపు రూపాయిని కల్దారు అనుచుండిరి. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు సరి. అర్ధ రూపాయి అన్నచో, ఏ రూపాయిలో సగమో అడుగక తప్పదు గదా!

దశాంశము కూడ భిన్నమే. పూర్వము రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీ నుండి రూపాయికి 100 నయా పైసలైనవి. అప్పుడు అణాకు 6.25 పైసల లెక్క వచ్చినది. మన వీసము, అనగా పదునారవ వంతు, రూపాయిలో 0.0625 అయినది. పేరు మారినను భాగము మారలేదు.

అయితే 0.25 అనునది రూపాయిలో 25 పైసలు, కిలోలో 250 గ్రాములు, గంటలో 15 నిమిషములు. పంజాగుట్టకు పోయి వచ్చుటకు 1.25 గంట పట్టినదన్నచో, గంటా పదునైదు నిమిషములని అర్థము; గంటా ఇరువదియైదు నిమిషములు కాదు. అట్లే అంకెలు ఎక్కువగ నున్నంత మాత్రమున 0.125 పెద్దది కాదు; 0.5 దానికి నాలుగు రెట్లు. అంగడి తూనికయంత్రముపై 0.500, 0.125 కనబడినప్పుడు అర కిలో, అర పావు అని పిల్లలచే చదివింపుడు. ఈ సందేహము తీరిపోవును.

కలము పట్టకముందే పిల్లలను "దేనిలో?" అని అడుగుడు. ఒక పొడవైన గీత గీయించి భాగములు గుర్తింపజేయుడు. ఈ సాయంకాలము ఈ లెక్క ఇచ్చి చూడుడు: 2.4 కిలోల పప్పు తెచ్చితిమి. 1/4 వంతు పొరుగింటికి ఇచ్చితిమి. మిగిలిన దానిలో 2/3 వంతు వండితిమి. ఎంత మిగిలినది? 600 గ్రాములన్నచో సంతోషము. 200 గ్రాములన్నచో కోపింపక, ప్రశ్నను మరల బిగ్గరగా చదివింపుడు.